బిడ్డ బరువు తూచాం, తల్లి మనసు అడిగామా?

(మండల కేంద్రంలో జరిగిన ఆదివాసీ యువజన, మహిళా సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. చాలావరకు మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాను. అంకెలు మాత్రం మళ్ళీ సరిచూసుకుని రాశాను.)



నాకు ఇచ్చిన అంశం బాలింతల ఆరోగ్యం. నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు రోడ్ల గురించి, డోలీ మోతల గురించి, సమయానికి రాని అంబులెన్సుల గురించి చెప్పారు. అవన్నీ నిజాలు. ఆ పోరాటం ఆగదు. నేను మాత్రం డోలీ దిగి, కాన్పు అయ్యి, బిడ్డతో ఇంటికి తిరిగొచ్చిన తల్లి గురించి మాట్లాడతాను. ప్రాణాలతో వచ్చింది, చాలు అనుకుంటాం. అక్కడితో కథ అయిపోయిందనుకుంటాం. కొందరికి అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. దాన్ని కాన్పు తర్వాత కుంగుబాటు అంటారు, డాక్టర్లు డిప్రెషన్ అంటారు. అది కొందరిలో కొన్నాళ్ళకు పోతుంది, కొందరిలో నెలలు, ఏళ్ళు ఉండిపోతుంది. ఎందుకు ఉండిపోతుంది అన్నదే ఇవాళ నా మాట.

వెనకాల కూర్చున్న అన్నలూ, ఇది ఆడవాళ్ళ సంగతి అని టీకి లేవకండి. ఈ జబ్బు ఉండిపోవడానికి ఉన్న కారణాల్లో సగం మన ఇళ్ళల్లో మగవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. కాబట్టి కూర్చోండి.

ముందు మూడు రకాలు వేరు చేసుకుందాం. కాన్పు అయిన రెండో రోజో మూడో రోజో చాలామంది తల్లులు ఊరికే ఏడుస్తారు, చిరాకు పడతారు. ఒంట్లో మార్పుల వల్ల, నిద్ర లేక అలా అవుతుంది. పది రోజులు, మహా అయితే రెండు వారాల్లో అదే తగ్గిపోతుంది. దానికి మందు అక్కర్లేదు. పక్కన మనిషి ఉండాలి, అంతే.

రెండోది కుంగుబాటు. రెండు వారాలు దాటినా తగ్గదు. దేని మీదా ఇష్టం ఉండదు. బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టదు. తిండి సయించదు. నేను పనికిరానిదాన్ని, ఈ బిడ్డను సాకలేను అనిపిస్తుంది. కొందరికి చచ్చిపోవాలనిపిస్తుంది. అయితే మన ఆడవాళ్ళు "నా మనసు బాగోలేదు" అని వచ్చి చెప్పరు. తల బరువుగా ఉంది, గుండె దడగా ఉంది, ఒళ్ళంతా లాగేస్తోంది అంటారు. నొప్పి బిళ్ళ ఇచ్చి పంపేస్తారు. బిళ్ళ అయిపోతుంది, బాధ అలాగే ఉంటుంది.

మూడోది అరుదు, వెయ్యి మంది బాలింతల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, ఉన్నట్టుండి వస్తుంది. లేని మాటలు వినిపించడం, లేనివి కనిపించడం, పొంతన లేకుండా మాట్లాడడం, బిడ్డను ఏదైనా చేసేలా ఉండడం. ఇది ఎవరో చేసింది కాదు, దయ్యం పట్టింది కాదు. రక్తం పోతున్న బాలింతను ఎంత తొందరగా ఆసుపత్రికి తీసుకెళ్తామో ఈమెనూ అంత తొందరగా తీసుకెళ్ళాలి. దిసారి దగ్గరికి వెళ్ళవద్దని నేను అనను. మన నమ్మకం మనది. కానీ ముందు ఆసుపత్రి, తర్వాత పూజ. ఈ వరస మార్చకండి.

ఇవాళ నేను ఎక్కువగా మాట్లాడేది ఆ రెండోదాని గురించి.

ఇది పట్నం వాళ్ళ జబ్బు, చదువుకున్నోళ్ళ జబ్బు అనేవాళ్ళు ఉన్నారు. మన దేశంలో 38 అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఒక లెక్క వేశారు. కాన్పు అయిన తల్లుల్లో సుమారు 22 శాతం మందిలో కుంగుబాటు ఉందని తేలింది. అంటే ఐదుగురిలో ఒకరు. ఈ హాల్లో ఉన్న తల్లులను లెక్కపెట్టి, ఐదో వంతు ఎంతో మీరే చూసుకోండి.

గోవాలో ఒక జిల్లా ఆసుపత్రికి వచ్చిన 270 మంది తల్లులను కడుపుతో ఉన్నప్పటి నుంచి గమనించారు. 2002లో ఆ వివరాలు అచ్చయ్యాయి. కాన్పు అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం మందిలో కుంగుబాటు కనిపించింది. ఆ కుంగిన తల్లుల్లో సగం కంటే ఎక్కువ మంది ఆరు నెలలకు కూడా అలాగే ఉన్నారు. బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి, నాలుగు రోజులు పోతే అదే పోతుంది అని మనం అంటాం కదా. సగం మందికి పైగా ఆరు నెలలకూ పోలేదు. వాళ్ళలో 78 శాతం మంది కడుపుతో ఉన్నప్పుడే మనసు బాగాలేనివాళ్ళు. అంటే ఇది కాన్పుతో ఊడిపడింది కాదు, ముందే ఉంది. నెలనెలా చెకప్‌కు వచ్చి రక్తం ఇచ్చింది, బీపీ చూపించుకుంది, బరువు తూగింది. మనసు సంగతి ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఇక ఉండిపోవడానికి కారణాలు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది లేమి. ఆ గోవా అధ్యయనంలో కుంగుబాటు రావడానికీ, వచ్చింది పోకుండా ఉండడానికీ రెంటికీ పేదరికమే ముఖ్య కారణాల్లో ఒకటిగా తేలింది. ఇది మనకు అధ్యయనం చెప్పాలా? కాన్పు అయ్యి నెల తిరక్కుండానే పోడుకు వెళ్ళాలి. పసుపు ఉడకబెట్టే రోజులైతే అక్కడుండాలి, కాఫీ పండు కోసే రోజులైతే అక్కడుండాలి. పనికి వెళ్తే బిడ్డ ఎండలో, వెళ్ళకపోతే ఇంట్లో బియ్యం లేవు. రోజూ ఇదే లెక్క వేసుకునే తల్లికి "ధైర్యంగా ఉండమ్మా" అని చెప్తే ఏం లాభం? అందుకే నేను అనేది, పోడు పట్టా, ఉపాధి పని, చేతికందే రేషను, సమయానికి పడే ప్రసవ సాయం డబ్బులు, ఇవన్నీ బాలింత మనసుకు సంబంధించిన విషయాలే. వాటిని వేరే ఖాతాలో రాయకండి.

రెండోది భర్తతో ఉన్న సంబంధం. అదే అధ్యయనంలో ఇది కూడా ముఖ్య కారణంగా వచ్చింది. గొడవలు, కొట్టడం, తాగి రావడం. సంత రోజు సాయంత్రం మన ఊళ్ళల్లో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. జీలుగు కల్లు మన సంస్కృతి అని మాట్లాడతాం. సరే. బాలింతను కొట్టడం ఏ సంస్కృతి? పండగకు అందరం కలిసి తాగడం వేరు, సంత డబ్బులన్నీ సారాకు పోసి ఇంటికొచ్చి పసిబిడ్డ ముందు రంకెలేయడం వేరు. మన ఆచారంలో ఆడపిల్ల కాపురం నచ్చకపోతే వచ్చేయొచ్చు, పెద్దలు కూర్చుని ఓలి లెక్క తేలుస్తారు, మారుమనువు ఉంది. మంచి ఆచారమే. కానీ చేతిలో రెండు నెలల బిడ్డ ఉన్నదానికి ఆ దారి ఎంత దూరమో ఆలోచించండి.

మూడోది, సాయం లేకపోవడం. తమిళనాడులో వేలూరు దగ్గర పల్లెల్లో 359 మంది తల్లులను చూశారు. అక్కడ తేలిన కారణాలు చూడండి: తక్కువ ఆదాయం, అత్తతోనో కన్నవాళ్ళతోనో పడకపోవడం, కడుపుతో ఉన్నప్పుడు పెద్ద కష్టం రావడం, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, ఇంటి పనిలో చేయి వేసేవాళ్ళు లేకపోవడం. నీళ్ళు తేవడం, కట్టెలు తేవడం, బట్టలు ఉతకడం. ఊట నీళ్ళ కోసం కొండ దిగి ఎక్కే ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు.

కూతురు పుట్టడం గురించి ఒక మాట. మనలో కట్నం లేదు, ఓలి ఉంది, ఆడపిల్ల పుడితే మనం ఏడవం అని గర్వంగా చెప్పుకుంటాం. చాలా ఇళ్ళల్లో అది నిజం. కానీ రెండో కాన్పు ఆడపిల్లే, మూడోది మగపిల్లాడి కోసమే అంటున్న ఇళ్ళు నాకూ తెలుసు, మీకూ తెలుసు. పట్నం నుంచి మనం చీరలు, ఫోన్లు మాత్రమే తెచ్చుకోలేదు.

నాలుగోది ఒళ్ళు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం లేని ఒళ్ళు నీరసంగా ఉంటుంది, ఆయాసం, నిద్రమత్తు, చిరాకు. కుంగుబాటులోనూ ఇవే ఉంటాయి. ఒకటి ఇంకోదాన్ని కప్పేస్తుంది, ఒకటి ఇంకోదాన్ని పెంచుతుంది. అందుకే "రక్తం తక్కువ, ఐరన్ బిళ్ళలు వేసుకో" అని పంపేయకూడదు, "అంతా మనసే" అని రక్తం చూడకుండా వదిలేయకూడదు. రెండూ చూడాలి.

ఐదో కారణం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఇది మనలాంటి వాళ్ళ మధ్య చేసిన లెక్క నుంచి వచ్చింది. జార్ఖండ్‌లోని సరాయికెలా ఖర్సవాన్, పశ్చిమ సింగ్‌భూమ్, ఒడిశాలోని కియోంఝర్ జిల్లాలు, ఆదివాసీలు ఎక్కువగా ఉండే ప్రాంతాలు. అక్కడ దాదాపు 5,800 మంది తల్లులను కాన్పు అయిన ఆరు వారాల సమయంలో అడిగారు. 11.5 శాతం మందిలో మానసిక బాధ ఎక్కువగా ఉంది. ఎవరిలో ఎక్కువ? కడుపుతో ఉన్నప్పుడో, కాన్పులోనో, తర్వాతనో ఆరోగ్యం చెడినవాళ్ళలో, ఆపరేషన్ కాన్పు అయినవాళ్ళలో, బిడ్డ చిన్నగా పుట్టినవాళ్ళలో, తనకు వద్దనుకున్న కడుపు మోసినవాళ్ళలో. అన్నిటికంటే ఎక్కువ, బిడ్డ పోయిన తల్లుల్లో. మిగతావాళ్ళతో పోలిస్తే వాళ్ళకు దాదాపు 7 రెట్లు.

ఇప్పుడు మన రిజిస్టర్లు తీయండి. ఆశా అక్క కాన్పు తర్వాత 3వ రోజు, 7, 14, 21, 28, 42వ రోజు ఇంటికి వెళ్ళాలి. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా. ఆ కార్యక్రమం పేరు ఇంటి దగ్గర నవజాత శిశు సంరక్షణ. బిడ్డ బరువు, బిడ్డ వేడి, పాలు తాగుతోందా, బొడ్డు ఆరిందా. తల్లిని కూడా చూడమని ఉంది, రక్తం పోతోందా, జ్వరమా అని. మంచి కార్యక్రమం, ఎందరో పిల్లలు దానివల్ల బతికారు. కానీ బిడ్డ తొమ్మిదో రోజు పోయిందనుకోండి. రిజిస్టరులో ఒక గీత పడుతుంది. శిశు మరణం ఫారం నింపుతారు, ఎందుకు పోయిందని అడుగుతారు. ఆ తర్వాత 14వ రోజు ఆ గడప ఎక్కడానికి కాగితం మీద కారణం మిగలదు. టీకా లేదు, బరువు లేదు, పాలపొడి లేదు. ఏ తల్లికి 7 రెట్లు ఎక్కువ ప్రమాదం ఉందో ఆ తల్లి పేరే జాబితాలోంచి పోతుంది.

మా పక్క ఊళ్ళో ఒక అక్క సంగతి ఇలాగే జరిగింది. పేరు చెప్పను. బిడ్డ పోయాక పాలు చేపుకొచ్చి రొమ్ములు గట్టిపడి, జ్వరం వచ్చి ఆమె పడిన నరకం ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళు అడిగింది ఒక్కటే: "నువ్వు ఆసుపత్రికి ఎందుకు ఆలస్యంగా వెళ్ళావు?" రోడ్డు లేని ఊరి మనిషిని పట్టుకుని అడిగిన ప్రశ్న అది. ఆ ప్రశ్న రెండేళ్ళుగా ఆమె నోట్లోనే తిరుగుతోంది, నేను ఎందుకు ఆలస్యం చేశాను, నేను ఎందుకు ఆలస్యం చేశాను అని. ఆశా అక్క మాత్రం పని మీద కాకపోయినా అటు వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో కూర్చుని వచ్చేది. అది ఆమె మంచితనం. మంచితనం మీద వదిలేయాల్సిన పనా ఇది?

కుంగుబాటు ఉండిపోతే ఏమవుతుంది? ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ప్రాంతంలో వేలమంది తల్లుల్ని, పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. 2018లో వచ్చిన లెక్క ఇది. కాన్పు అయిన రెండు నెలలకూ, ఎనిమిది నెలలకూ గట్టి కుంగుబాటులో ఉన్న తల్లుల్లో బిడ్డకు 11 ఏళ్ళు వచ్చేవరకు ఆ లక్షణాలు మిగతావాళ్ళకంటే ఎక్కువగానే ఉన్నాయి. వాళ్ళ పిల్లలు 16 ఏళ్ళకు లెక్కల్లో వెనకబడడం, 18 ఏళ్ళకు వాళ్ళే కుంగుబాటుకు గురికావడం ఎక్కువ కనిపించింది. తల్లిని నిందించడానికి చెప్పట్లేదు ఇది. ఆశ్రమ పాఠశాలలో పిల్లలు ఎందుకు వెనకబడుతున్నారని మీటింగులు పెడతాం కదా, ఆ మీటింగు పిల్లవాడికి ఆరు నెలలప్పుడే వాళ్ళమ్మ దగ్గర మొదలుపెట్టాలి అంటున్నాను.

అయితే దీనికి దారి లేదా? ఉంది. మనలాంటి వాళ్ళే చూపించారు. నేను ఇందాక చెప్పిన జార్ఖండ్, ఒడిశా జిల్లాల్లోనే ఏక్‌జుట్ అనే సంస్థ ఊరూరా ఆడవాళ్ళ గుంపులు నడిపింది. డాక్టర్లు కాదు, పక్క ఊరి ఆడమనిషే నడిపించేది. నెలకోసారి కూర్చునేవాళ్ళు. బొమ్మలు, కథలు, ఆటలతో మాట్లాడుకునేవాళ్ళు. మన ఊళ్ళో తల్లులకు, పసిపిల్లలకు ఏం కష్టాలొస్తున్నాయి, ఎందుకొస్తున్నాయి, మనం ఏం చేయగలం అని. 2010లో ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. గుంపులు లేని ఊళ్ళతో పోలిస్తే మూడేళ్ళలో నవజాత శిశువుల మరణాలు 32 శాతం తగ్గాయి. తల్లుల కుంగుబాటులో మొత్తం మీద పెద్ద తేడా రాలేదు, కానీ మూడో ఏడాదికి ఒక మోస్తరు కుంగుబాటు 57 శాతం తగ్గింది. గమనించండి, ఆ గుంపులు కుంగుబాటు కోసం పెట్టినవి కావు. ఆడవాళ్ళు కలిసి కూర్చున్నారు, ఒకరి కష్టం ఒకరు విన్నారు, కలిసి దారి వెతికారు. మూడేళ్ళు పట్టింది. ఒక ఫొటో దిగి వెళ్ళిపోయే క్యాంపుతో వచ్చింది కాదు.

పాకిస్తాన్ పల్లెల్లో ఇంకోటి చేశారు. మన ఆశాల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటులో ఉన్న తల్లులతో కడుపుతో ఉన్నప్పటి నుంచే ఓపిగ్గా మాట్లాడించారు. 2008లో వచ్చిన లెక్క ప్రకారం ఆరు నెలలకు ఆ సాయం అందినవాళ్ళలో 23 శాతం మందే కుంగుబాటులో ఉన్నారు, మామూలుగా ఇంటికి వెళ్ళి వచ్చిన చోట 53 శాతం. కాబట్టి పెద్ద డాక్టరు కొండెక్కే దాకా ఆగక్కర్లేదు.

ఇక మనం ఏం చేద్దాం?

ఆశా అక్కలకు, ఏఎన్ఎం అమ్మలకు ముందు చెప్తున్నాను, మీ నెత్తిన ఇంకో రిజిస్టరు పెట్టాలని కాదు. రెండే ప్రశ్నలు. ఈ నెల రోజుల్లో ఎక్కువగా దిగులుగా, ఇక దారి లేదన్నట్టుగా అనిపించిందా? ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఇష్టం పోయిందా? ఈ రెంటిలో ఒక్కదానికి అవును అన్నా ఆగి, కూర్చుని, ఇంకా అడగాలి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని కూడా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి అడగండి, 42వ రోజు అడగండి. అక్కడితో ఆపకండి. బిడ్డకు 3, 6, 9 నెలలప్పుడు మీరు ఎలాగూ ఇంటికి వెళ్తారు. అప్పుడు మళ్ళీ అడగండి. సగం మందికి ఆరు నెలలకూ తగ్గదని చెప్పాను కదా, వాళ్ళు దొరికేది అప్పుడే. అత్త ముందు, మొగుడి ముందు అడగకండి. నీళ్ళ దగ్గరికి నడుస్తూ అడగండి. కువి మాట్లాడే ఇంట్లో కువిలో అడగండి, ఒడియా మాట్లాడే ఇంట్లో ఒడియాలో అడగండి. దిగులు మాట తల్లి భాషలోనే బయటికొస్తుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఉన్నాయి. బిడ్డ పోయిన ఇంటికి కూడా 42 రోజుల వరకు, ఆ తర్వాత ఆరు నెలలకు తల్లి కోసం వెళ్ళాలని రాతపూర్వకంగా ఆదేశం రావాలి. ఆ పనికి ఆశాకు డబ్బులు కట్టాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పట్నం ఆసుపత్రిలో గదిగా ఉంటే చాలదు, సంత రోజున పీహెచ్‌సీకి మనిషి రావాలి, మన భాష తెలిసిన మనిషి తోడుండాలి. మందులు అవసరమైన తల్లికి అవి దగ్గర్లోనే దొరకాలి. పాలిచ్చే తల్లి వాడదగ్గ మందులు ఉన్నాయి. బిడ్డకు ఏమవుతుందోనని సొంతంగా మానేయకుండా డాక్టర్ని అడగండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆసుపత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్ళ లోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదు. ఈ మాట కూడా గుర్తుపెట్టుకోండి, బిడ్డను లాక్కుంటారన్న భయంతోనే చాలామంది నోరు విప్పరు. 2022 నుంచి 14416 అనే ఉచిత నంబరు ఉంది, టెలీ మానస్. తెలుగులో మాట్లాడతారు. సిగ్నల్ ఉన్న గట్టు ఎక్కి చేయాలి, నాకు తెలుసు. అందుకే ఆ గట్టు దాకా ఆమెను ఒంటరిగా పంపకండి. చచ్చిపోతానన్న తల్లిని అసలే ఒంటరిగా వదలకండి.

అన్నలకు, నా వయసు తమ్ముళ్ళకు: నీళ్ళు మీరు తేండి. కట్టెలు మీరు తేండి. రాత్రి బిడ్డ ఏడిస్తే ఒక్క జాము మీరు ఎత్తుకోండి, ఆమె పడుకుంటుంది. సంత డబ్బులు ఇంటికి తేండి. "ఏం, మా అమ్మ పదిమందిని కనలేదా" అనే మాట ఇవాళ్టితో మానేయండి. మీ అమ్మ పదిమందిని కని ఎందరిని పూడ్చిందో, ఎన్ని రాత్రులు నిద్రపోలేదో మీరు ఎప్పుడైనా అడిగారా?

పెద్దలకు ఒక్క విన్నపం. బిడ్డ పోయిన తల్లిని పాపిష్టిది అనే మాట ఊళ్ళో ఎవరి నోటా రాకుండా చూడండి. మన ఊళ్ళో దినం అయితే అందరం వెళ్తాం, వండిపెడతాం, కూర్చుంటాం. తొమ్మిది రోజుల బిడ్డ పోతే మాత్రం ఎవరమూ వెళ్ళం. వెళ్దాం.

మన మండలంలో ఎన్ని ఊళ్ళున్నాయో అన్ని ఊళ్ళలో ఆడవాళ్ళు నెలకోసారి కూర్చునేలా ఈ సమావేశం తీర్మానం చేయాలని కోరుతున్నాను. మొదటి ఐదు ఊళ్ళ పేర్లు ఇవాళే రాసుకుందాం. సాయంత్రం బస్సుకు ముందు నా దగ్గరికి వచ్చి పేరు ఇవ్వండి, కాగితం నా దగ్గరే ఉంది.

జోహార్. జై ఆదివాసీ.